కారులో కూచున్నవాళ్ళు

పాషా పాపికొండల గురించి చెప్పడం మొదలుపెడితే ఆ ఇంట్లో టీవీ గొంతు తగ్గాల్సిందే.

"మొదాలు గోదారి ఎడల్పుగ ఉంటది. గీ ఒడ్డుకు నిలవడితె గా ఒడ్డు కనవడదు. బోటు పోతాంటది, పోతాంటది... ఒక్కపారే గుట్టలు దగ్గరికొస్తయ్. గీ పక్కొకటి, గా పక్కొకటి. అంత పెద్ద గోదారి నడుమ ఇరుకుల వడ్తది. గప్పుడు బోటోడు ఇంజన్ బంద్ చేస్తడు. ఒక్కడు నోరు తెరువడు. గుట్ట మీద ఆకు కదిలినా ఇనవడ్తది."

గుట్టలు దగ్గరికి రావడం ఎలా ఉంటుందో చూపించడానికి అన్నం అంటిన కుడిచేతినీ, ఖాళీగా ఉన్న ఎడమచేతినీ ఎదురెదురుగా పెట్టి మెల్లగా జరిపాడు. కూతురు ఉజ్మా ఆ రెండు చేతుల సందులోకి నిజంగానే తొంగి చూసింది. ఏడో తరగతి చదువుతున్న పిల్ల. దేన్నీ ఊరికే ఒప్పుకోదు.

"అబ్బా, గది మన రాయపట్నం బ్రిడ్జి కింద పారే గోదారేనా?"

"గదే బేటా. ఇంకోటి ఏడికెల్లొస్తది?"

"అంటే ఇయ్యాల నేను గా బ్రిడ్జి కాడ కాయితం పడవ ఇడిస్తే, మనం పోయేటాల్లకు గాడ ఉంటదా?"

ఈ ప్రశ్న ఇంతకుముందు ఎవరూ అడగలేదు. నడుమ డ్యాములుంటాయని చెప్పి పాషా తప్పించుకున్నాడు. ఉజ్మా ఊరుకోకుండా తల్లి ఫోన్లో మ్యాపు తెరిచి, నీలం గీత మీద వేలు పెట్టి, డ్యాములు ఎక్కడెక్కడున్నాయో వెతకడం మొదలుపెట్టింది.

జనవరి సెలవుల్లో మూడు రోజుల ప్రయాణం అది. పొద్దున్నే కోరుట్లలో బయల్దేరి జగిత్యాల, కరీంనగర్, వరంగల్, ఖమ్మం మీదుగా రాజమండ్రి. మర్నాడు రేవు, బోటు, పాపికొండలు. ఆ మర్నాడు కాకినాడలో సముద్రం చూసి తిరుగు ప్రయాణం. ఆ కొండల అడవంతా నేషనల్ పార్కు అని ఉజ్మా ఎక్కడో చదివింది. బోటులోంచి పులి కనపడుతుందా, కనపడితే అది ఈదుకుంటూ వస్తుందా అని రెండు రోజులుగా అందర్నీ సతాయిస్తోంది.

నాహీద్ అయితే ఈ ప్రయాణాన్ని పెళ్ళిపనిలా నెత్తికెత్తుకుంది. పాషా ఏడు సీట్ల కారు ఊళ్ళో సగం మందిని తిరుపతికీ, షిరిడీకీ, గుల్బర్గా దర్గాకీ తిప్పింది. నాహీద్‌ను మాత్రం ఆస్పత్రికీ బంధువుల పెళ్ళిళ్ళకీ తప్ప ఎటూ తీసుకుపోలేదు. అందుకే ఈసారి ఏ సీటులో ఎవరు కూచోవాలి, ఏ పూట ఏం తినాలి అన్నీ తనే చెప్తోంది. ఎవరూ ఎదురు చెప్పడం లేదు.

"బోటుకు నేను, ఉజ్మా పోతం," అంది పప్పు వడ్డిస్తూ. "అమ్మీ మోకాళ్ళతోని బోటు ఎక్కుడు గాదు. కార్ల ఒక్కతే ఎట్లుంటది? మీరు తోడుండుండ్రి. మీరెట్లాగు ఐదుసార్లు చూసిందే గద."

గోడకు ఆనుకుని కూచున్న పాషా తల్లి అమీర్‌బీ రొట్టె ముక్కను పప్పులో నానబెట్టుకుంటోంది. పాషా గ్లాసు అందుకుని నీళ్ళు తాగాడు.

"హౌ. గంతే గద," అన్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, పాషా పాపికొండల్ని ఒక్కసారి కూడా చూడలేదు.

రేవు దాకా ఐదుసార్లు వెళ్ళిన మాట నిజమే. ప్రతిసారీ కారు ఆగగానే జనం సంచులు అందుకుని, టోపీలు పెట్టుకుని, 'పాషన్నా, సామాను పైలం' అని చెప్పి ఒడ్డుకు దిగిపోయేవాళ్ళు. అందులో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. డ్రైవరు కారు దగ్గరే ఉంటాడు, అది ఎవరూ పెట్టని రూలు. పాషా కూడా అలాగే అనుకుని నీడ చూసి కారు పెట్టేవాడు, సీటు వెనక్కి వాల్చి కాళ్ళు కిటికీలోంచి బయట పెట్టి నిద్రపోయేవాడు, లేచి వేరే ఊళ్ళ డ్రైవర్లతో టీ తాగేవాడు. సాయంత్రం బోటు తిరిగొచ్చాక ఫోన్లలో వీడియోలు చూపిస్తే చూసేవాడు. దారంతా వాళ్ళు చెప్పుకునేవి వినేవాడు. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, ఎట్లుందని నాహీద్ అడిగింది. ఆమె మొహంలో ఆ ఆశ చూసి, నేను కారులోనే పండుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు. విన్నది చెప్పాడు. బాగా కుదిరింది. రెండోసారి ఇంకాస్త బాగా కుదిరింది. ఇప్పుడా మాటలే తిరిగొచ్చి అతన్ని మళ్ళీ కారులో కూచోబెట్టాయి.

తెల్లారి ఇంటి ముందు బకెట్టు పెట్టుకుని కారు కడుగుతుంటే కూడా అదే ఆలోచన. పైకప్పు మీద నీళ్ళు కొట్టి, గుడ్డను గుండ్రంగా కాక నిలువుగా తుడుస్తాడు పాషా. గుండ్రంగా తుడిస్తే ఎండలో మరకలు తేలతాయని అతని పట్టింపు. అద్దాలకు పాత పేపరు. చక్రాలకు పాత టూత్ బ్రష్. ఆవేళ పేపరుతో తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. చూడలేదని ఒక్క మాట చెప్తే పోయేదానికి ఇంత బాధ ఎందుకో అతనికే అర్థం కాలేదు. కానీ ఉజ్మా ముందు, ఆ రెండు చేతుల సందులోకి తొంగి చూసిన పిల్ల ముందు, ఆ మాట ఎట్లా చెప్పడం?

పది గంటలకు శ్రీహరి సార్ బేరం. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, జగిత్యాలలో కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి. నవంబరులో పాపికొండలకు వెళ్ళిన చివరి బేరం ఆయన కుటుంబమే. పాషా అంటే ఆయనకు ఇష్టం. హోటల్లో ఆగితే తన పక్కనే కూచోబెట్టుకుని తినిపిస్తాడు. ఫ్రంటు సీట్లో కూచుని బెల్టు పెట్టుకోగానే ప్రయాణం సంగతి వచ్చింది.

"సొంతంగ పోతున్నవా? మంచిది పాషా. ఇంట్లోళ్ళను సుత చూపియ్యాలె."

"సార్, గుట్టలు దగ్గరికొచ్చిన కాడ మీకు ఎట్లనిపిచ్చె?"

"సూపర్ ఉండె. మస్తుండె. అసల్ చెప్పరాదు."

"జర చెప్పుండ్రి సార్."

శ్రీహరి ఎండ కళ్ళలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏం చెప్పాలె... సూపరే. ఐనా నీకు చెప్పుడేంది, నువ్వు సుత ఉంటివి గద!"

"నేనా సార్?"

"నువ్వే గదనయ్యా మా అమ్మకు జాకెట్ కట్టింది. ముడులు సుత మస్తు గట్టిగ కట్టినవ్, ఇప్పేటప్పుడు పరేషానైనం."

సార్ తల్లి వజ్రమ్మకు లైఫ్ జాకెట్ కట్టింది బోటు మనిషి. పాషా ఆ సమయానికి ఒడ్డు మీద కారు తలుపులు తెరిచి లోపలి ఇసక దులుపుతున్నాడు. పక్కకు తిరిగి సార్ మొహం వైపు ఒకసారి చూశాడు. ఆయన ఏ కల్మషమూ లేకుండా నవ్వుతున్నాడు. పాషా ఉన్నాడని ఆయన నిజంగానే అనుకుంటున్నాడు. అంత మంచి మనిషికి తను లేని సంగతి కూడా తెలియలేదు కదా అని పాషాకు మనసు చివుక్కుమంది. తిట్టి దించేసినా ఇంత బాధ ఉండేది కాదు.

"హౌ సార్," అన్నాడు. "గట్టిగ కట్టకపోతె ఎట్ల, పెద్దమనిషి."

క్లాక్ టవర్ దగ్గర ఆయన్ని దించి, ఆస్పత్రి సందులో కారు పెట్టే జాగా లేక జగిత్యాల బజారులో రెండు చుట్లు తిరిగాడు. బస్సు వెనక, ఆటోల వెనక మెల్లగా పోతుంటే ఉపాయం తట్టింది. అమ్మీ ప్రయాణానికి రాకపోతే? చెల్లె లుబ్నా సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలోనే ఉంది. ఎన్నాళ్ళ నుంచో అమ్మీని పంపమని అడుగుతోంది. ఆ మూడు రోజులూ అమ్మీ అక్కడుంటే ఆమెకు హాయి, తనకూ బోటు దొరుకుతుంది. నాహీద్‌కు అబద్ధం బయటపెట్టే పనీ ఉండదు. అంత చక్కగా కుదిరినందుకు పాషాకు నవ్వొచ్చింది. హారను కొట్టకుండానే ఒక ఆటోకు దారిచ్చాడు.

ఆదివారం పొద్దున తల్లిని బయల్దేరదీశాడు. లుబ్నా యాది చేస్తాందట అని ఇంట్లో చెప్పాడు. "నాలుగు బట్టలు వెట్టుకో అమ్మీ, ఉండబుద్ధైతె ఉండొచ్చు," అని తల్లికి చెప్పాడు. అమీర్‌బీ చిన్న సంచీలో బట్టలు సర్దుకుని, అలమారలో అడుగున ఉన్న ఉన్ని శాలువా కూడా తీసి పెట్టుకుంది.

"శాలువ ఎందుకే అమ్మీ? సిరిసిల్లల గంత చలెక్కడిది?"

"సిరిసిల్లకు గాదు. గోదారి కాడికి. లుబ్నాను అడిగి అంచు కుట్టిచ్చుకుంట. కార్ల కూసుంటే కాళ్ళకు చలి వెడ్తది."

పాషా సంచీ అందుకుని వెనక సీట్లో పెట్టాడు. తల్లిని ముందు కూచోబెట్టాడు. మోకాలు మడవడానికి ఆమెకు కాస్త టైము పడుతుంది. ముందు నడుము ఆనించి, తర్వాత చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కుడి కాలు లోపలికి తెచ్చుకుని, ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి పెట్టుకుంటుంది. అదంతా అయ్యేదాకా పాషా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

కథలాపూర్ దాటాక పొలాలు మొదలయ్యాయి. నాట్లు వేస్తున్నారు. అమీర్‌బీ అద్దం దించుకుని చూస్తూ కూచుంది. ఆమె పుట్టింది చందుర్తిలో, తెలుగువాళ్ళ ఇళ్ళ నడుమ. అందుకే ఇంట్లో మిగతావాళ్ళు ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో తేలినా, ఆమెతో మాత్రం అందరూ తెలుగే మాట్లాడతారు.

"పాషా, గా గుట్టల నడుమకు పోయినంక సల్లగైతదా, ఉడుకైతదా?"

"సల్లగైతదమ్మీ."

"పొద్దు గుట్ట సాటుకు పోతది గావచ్చు."

"ఆ, గందుకే."

"నీళ్ళ రంగు మారుతదా?"

పాషా గేరు మార్చాడు. వీడియోల్లో నీళ్ళ రంగు ఎవరూ చెప్పలేదు, అందులో అన్నీ ఒకే రంగుగా కనిపిస్తాయి. "పచ్చగైతయ్," అన్నాడు. "చెట్ల నీడ వడి."

అమీర్‌బీ తల ఊపింది. నమ్మిందో లేదో తెలియలేదు. ఉజ్మాకు ఆ ప్రశ్నలన్నీ ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో పాషాకు మొదటిసారి తోచింది.

చందుర్తిలో రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆపాడు. "నువ్వు కూసో అమ్మీ, నేను చాయ్ తెస్త," అని తలుపు వేసి వెళ్ళాడు. రెండు కప్పులు పట్టుకుని తిరిగొస్తుంటే తల్లి కనిపించింది. అద్దం అంచున రెండు చేతులూ పెట్టుకుని, గడ్డం దాని మీద ఆనించి, తను పుట్టిన ఊరిని చూస్తోంది. అవతల సందులోకి పోతే ఆమె పుట్టింటి గోడ వస్తుంది. ఎన్నోసార్లు ఈ దారిన పోయారు. దిగుతావా అని పాషా ఎప్పుడూ అడగలేదు. ఈవేళా అడగలేదు. కప్పు చేతికిచ్చి తన సీట్లో కూచున్నాడు.

"నీకు యాదికున్నదా," అంది అమీర్‌బీ టీ ఊదుకుంటూ, "కారు కొన్న కొత్తల, నాహీద్ తల్లిగారింట్ల ఉన్నప్పుడు, మనమంత నాగార్జునసాగర్ పోతిమి."

"ఉన్నది."

"మీరంత డ్యాము కాడికి పోయిండ్రు. నేను కార్లనే ఉంటి. ఇంటికొచ్చినంక పక్కింటి లచ్చవ్వ అడిగింది, ఎట్లుండె అమీర్‌బీ అని. నేను చెప్పిన. గేట్లల్లకెల్లి నీళ్ళు దునుకుతాంటే పొగ లెక్క లేసిందని, మొకం మీద తుంపర్లు వడ్డయని, నా బుర్ఖ తడిసిందని సుత చెప్పిన. లచ్చవ్వ నోరు తెర్సుకోని ఇన్నది."

పాషా నవ్వాడు. "నీకెట్ల ఎర్క తుంపర్ల సంగతి?"

"నువ్వు చెప్పినవ్ గద. నువ్వు తడిసొచ్చి కార్ల కూసోని లుబ్నాకు ఫోన్ల చెప్తాంటే ఇన్న." ఆమె కూడా నవ్వింది. నవ్వి, కప్పులోకి చూసుకుంటూ నెమ్మదిగా అంది. "సూసొచ్చినోళ్ళకు చెప్పుడు రాదు బేటా. సూపరుండె, మస్తుండె అంటరు, గంతే. కార్ల కూసున్నోళ్ళే మంచిగ చెప్తరు. ఏ జాగల ఏముంటదో అన్ని అడిగి అడిగి యాదికి వెట్టుకుంటరు గద."

పాషా చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. తల్లి అతని వైపు చూడలేదు. కిటికీలోంచి సందు వైపే చూస్తోంది. తెలిసిపోయిందని ఆమె చెప్పలేదు, కాదని తనూ చెప్పలేదు. పాషా చెవులు వేడెక్కాయి. అది సిగ్గో, తల్లి మీద ప్రేమో అతనికే తెలియలేదు. కప్పు పారేసి బండి స్టార్ట్ చేశాడు. వేములవాడ, సిరిసిల్ల దాటి మధ్యాహ్నానికి తంగళ్ళపల్లి చేరారు.

లుబ్నా ఇంటి పక్క రేకుల షెడ్డులో మరమగ్గాలు. ఆమె భర్త ముదస్సిర్ అందులోనే పనిచేస్తాడు. ఆ చప్పుడుకు బయటివాళ్ళు చెవులు మూసుకుంటారు గాని లుబ్నా ఇంట్లో అందరూ దాని మీదుగా మాట్లాడటం ఎప్పుడో నేర్చుకున్నారు, అరవకుండానే అరిచినట్టు. అమీర్‌బీని మంచం మీద కూచోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టింది లుబ్నా. కోడికూర పొయ్యి మీదుంది. పాషా వంటగది గడపలో నిలబడి చెల్లెకు సంగతి చెప్పాడు. ప్రయాణం, మూడు రోజులు, అమ్మీ మోకాళ్ళు. అమ్మీని నీ దగ్గర వదిలిపెట్టనా అని అడగాల్సిన పని కూడా పడలేదు.

"ఈడనే ఉండనియ్ అన్నా," అంది లుబ్నా గరిటె తిప్పుతూ. "అమ్మీ ఏం ఎక్కుతది, ఏం చూస్తది! గంత దూరం కొంటవొయ్యి కార్ల కూసోవెట్టుడెందుకు? నువ్వు నిమ్మలంగ పొయ్యి చూసిరా."

అదే కదా తనకు కావలసింది. ఇంత సులువుగా దొరికాక మనిషి సంతోషపడాలి. కానీ ఆ మాట పాషా చెవిలో వేరేగా పడింది. రేవు దగ్గర సంచులు అందుకుంటూ జనం అనే మాట ఇదే. పాషన్న ఏం ఎక్కుతడు, ఏం చూస్తడు. వాళ్ళూ చెల్లె లాగే, మంచి మనసుతోనే అంటారు. తను ఈ ఆదివారం తల్లిని బట్టల సంచీతో సహా ఎందుకు తెచ్చాడో ఆ గడపలో నిలబడి మొదటిసారి సరిగ్గా చూసుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ముందు గదిలోకి వెళ్ళాడు. అమీర్‌బీ శాలువా ఒళ్ళో పరుచుకుని అంచు ఎక్కడెక్కడ ఊడిందో వేలితో చూసుకుంటోంది. మగ్గాల చప్పుడులో వినపడదని పాషా గట్టిగా అరిచాడు.

"అమ్మీ! నువ్వు బోటు ఎక్కుతవా?"

సరిగ్గా అప్పుడే అన్నం వేళైందని ముదస్సిర్ మగ్గాలు ఆపేశాడు. ఆ అరుపు ఇంటి నిండా, సందు నిండా మోగింది. లుబ్నా గరిటెతో సహా గదిలోకి వచ్చింది. అమీర్‌బీ తల ఎత్తి కొడుకును చూసింది. ఆమెను ఆ మాట ఎవరూ అడిగి ఉండరు, సాగర్‌లో గానీ, ఇంకెక్కడ గానీ. శాలువా నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచింది.

"ఎట్లెక్కుతరు?" అంది.

పాషా మంచం ముందు నేల మీద కూచున్నాడు. ఇన్నాళ్ళూ చెప్పిన కథ మొత్తంలో ఈ ముక్క ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. అది అతను కళ్ళారా చూసిన ముక్క.

"కారు ఆగిన కాడికెల్లి ఒడ్డు దాక మట్టి తొవ్వ. జర వాలుగుంటది. ఆడ నా చెయ్యి వట్టుకోవాలె. కిందికి పోయినంక ఇసుక, కాళ్ళు దిగుతయ్, చెప్పులు ఇడ్వాలె. బోటు ఒడ్డుకు ఆనదు, నడుమ నీళ్ళుంటయ్. గందుకు ఒక చెక్క ఏస్తరు. మంచం పట్టె కన్న జర ఎడల్పుంటది. నువ్వు చెక్క మీద కాలు వెట్టంగనే ఊగుతది, బుగులు పుడ్తది. గప్పుడు బోటోళ్ళు ఇద్దరు రెండు దిక్కుల ఒక బొంగు వట్టుకుంటరు. దాన్ని వట్టుకోని పోవాలె. శ్రీహరి సార్ వాళ్ళమ్మ వజ్రమ్మ గట్లనే ఎక్కింది. నడుమ ఆగింది. నేను ఒడ్డు మీదికెల్లి చూస్తున్న. ఆగి, కిందికి చూసింది. నీళ్ళను చూడకు పెద్దమ్మా అని బోటోడు మొత్తుకున్నడు. ఆమె ఇన్లే. మంచిగ చూసినంకనే నడ్సింది."

"ఒడ్డు మీదికెల్లి చూసినవా?" అంది లుబ్నా. "నువ్వు బోట్ల లేవా?"

"పాషా కారు పెట్టి వెనక పోతడు గద," అంది అమీర్‌బీ ఆమె వైపు తిరక్కుండానే. మళ్ళీ కొడుకును అడిగింది. "నేను ఎక్కుతనా?"

"ఎక్కుతవ్."

"పడితే?" అంది లుబ్నా గాభరాగా.

"పడితే మన గోదారే గదనే," అంది అమీర్‌బీ. "కొత్తదా?"

లుబ్నా చేత్తో నుదురు కొట్టుకుంది. పాషాకు నవ్వొచ్చి, ఆ నవ్వులోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నాలు తిన్నాక అమీర్‌బీ శాలువాకు అంచు కుట్టించుకుంది. ఎండ తగ్గకముందే పాషా బట్టల సంచీని మళ్ళీ కారులో పెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు చందుర్తిలో సందు ముందు ఆపి, దిగుతవా అమ్మీ అని అడిగాడు. ఆమె దిగింది. పుట్టింటి గోడ దాకా అతని చెయ్యి పట్టుకుని నడిచి, గోడను చూసి, "కొత్త సున్నం ఏసిండ్రు," అని వెనక్కి వచ్చింది.

కోరుట్ల చేరేసరికి పొద్దు వాలింది. రెండు రోజులైనా ఉండి వస్తుందనుకున్న అత్త సంచీతో సహా దిగుతుంటే నాహీద్ వంటింట్లోంచి వచ్చింది. ఏమైందని అడిగింది. అమీర్‌బీ గడపలో చెప్పులు విడిచి, గోడ పట్టుకుని తన చోట కూచుని, నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టాక మాట్లాడింది.

"నేను సుత బోటు ఎక్కుత."

నాహీద్ మొగుడి వైపు చూసింది. ఉజ్మా ఎగిరి గంతేసి నానమ్మ పక్కన చేరింది.

"దాదీ, పులి ఈదుకుంట వస్తే?"

"వస్తే రానియ్. ఇద్దరం చూద్దాం."

"అమ్మీ, చెక్క మీద నడ్వాలట," అంది నాహీద్. "పోయొచ్చినోళ్ళ వీడియోల్ల చూసిన. నాకే బుగులు వెడ్తది. నేను ఉజ్మాను వట్టుకోవాల్నా, నిన్ను వట్టుకోవాల్నా?"

"నువ్వు నీ బిడ్డను వట్టుకో. నన్ను నా కొడుకు వట్టుకుంటడు." అమీర్‌బీ మోకాలు నిమురుకుంటూ చెప్పింది. "పాషా చెయ్యి లేకుంటె నేను గా చెక్క మీద కాలు వెట్ట. బోట్ల సుత పక్కనే ఉండాలె. నాకు కండ్లు తిరిగితే ఎవరు చూస్తరు?"

నాహీద్ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, మళ్ళీ విప్పేసింది.

"మరి కారు? సామానంత కార్లనే ఉంటది గద. ఎవరన్న చూడొద్దా?"

"దానికి తాళం లేదా?" అంది అమీర్‌బీ.

నాహీద్, ఉజ్మా పాషా వైపు తిరిగారు. అతను తల్లి వైపు చూశాడు. ఆమె ఉజ్మా జుట్టులో దారం పోగేదో కనిపించి దాన్ని తీస్తోంది.

"ఉన్నది," అన్నాడు.

"పాపం, మీకే యాష్ట," అంది నాహీద్, నిజంగానే జాలిపడుతూ. "చూసిందే మల్ల చూడాలె."

"ఏం చేస్త మరి. అమ్మీ కోసం పోవాలె," అన్నాడు పాషా.

నాహీద్ టికెట్లు నలుగురికి చెప్పాలని ఫోను అందుకుంది. ఉజ్మా నానమ్మకు మ్యాపులో గోదావరి చూపిస్తోంది. పాషా బయటికి వచ్చాడు. వీధిలో కారు మీద తంగళ్ళపల్లి దుమ్ము అలాగే ఉంది. తాళం వేశాడు. నాలుగు తలుపులూ, డిక్కీ ఒక్కొక్కటే పట్టుకుని లాగి చూశాడు. ఒక్కటీ తెరుచుకోలేదు. కారును అక్కడే వదిలి ఇంట్లోకి వెళ్ళాడు.